జెర్సీ మీద ఊరి పేరు

మన దగ్గర క్రికెట్‌కి ఎంత పట్టుందో ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్‌కి అంత పట్టుంది. అక్కడ 1975 నుంచి నడుస్తున్న పి.బి.ఎ. ఆసియాలోనే మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. కానీ అందులో జట్లు ఊళ్లవి కావు, కంపెనీలవి. బీరు కంపెనీకో జట్టు, జిన్ను బ్రాండుకో జట్టు, టెలిఫోన్ సంస్థకొకటి, కరెంటు సంస్థకొకటి. ఊళ్ల పేర్లతో, ప్రావిన్స్‌ల పేర్లతో ఆడే లీగ్ కూడా ఉండాలని బాక్సర్ మ్యానీ పకియావో 2017లో మహర్లికా పిలిపినాస్ బాస్కెట్‌బాల్ లీగ్‌ని స్థాపించాడు. 2018 జనవరిలో 10 జట్లతో ఆటలు మొదలయ్యాయి. రెండేళ్లు తిరక్కుండానే జట్ల సంఖ్య 31కి చేరింది.

ఆ జట్లు నిజంగా ఆయా ప్రాంతాలవేనా అన్నదే ఇక్కడ ఇద్దరి మధ్య వాదం. సుధ దవావో నగరంలో వైద్యం చదువుకుంది. మన తెలుగు పిల్లలు డాక్టరు చదువు కోసం పెద్దసంఖ్యలో వెళ్లే ఊరది. నరసింహం ఆమె మేనమామ. కాలేజీ పి.డి.గా పనిచేసి రిటైరయ్యాడు. జిల్లా జట్టు, యూనివర్సిటీ జట్టు సెలెక్షన్లలో కూర్చుని జుట్టు నెరిసిన మనిషి. నా మనసు ఎటు మొగ్గుతుందో ముందే చెబుతాను: సుధ వైపు. అయితే మామయ్య అడిగిన వాటికి ఆమె జవాబు చెప్పగలిగినంత వరకే.

సుధ: మామయ్యా, దవావో ఆక్సిడెంటల్ అనే ప్రావిన్స్ 2013లో పుట్టింది. మన జిల్లా లాంటిదనుకో. అంతకుముందు దవావో డెల్ సుర్‌లో ఓ మారుమూల. మొత్తం ఐదే మునిసిపాలిటీలు, ముఖ్యపట్టణం మలీటా. ఒడ్డున కొబ్బరితోటలు, వెనక కొండలు, కొండల్లో బ్లాన్, మనోబో, తగకౌలో తెగలవాళ్లు. ఆ ప్రావిన్స్ పేరు పెట్టుకున్న టైగర్స్ జట్టు 2019లో ఫైనల్‌కొచ్చింది. మనీలా మహానగరంలో భాగమైన శాన్ హువాన్ మీద ఐదో ఆట దాకా నిలబడి ఓడిపోయింది. తర్వాతి సీజన్‌లో అదే శాన్ హువాన్‌ని ఓడించి కప్పు గెలిచింది. రాజధాని ఊరిని ఓ కొబ్బరితోటల ప్రావిన్స్ ఓడించడమంటే అక్కడ చిన్న సంగతి కాదు.

నరసింహం: ఎక్కడ గెలిచిందే?

సుధ: సుబిక్‌లో.

నరసింహం: ఆ సుబిక్ ఎక్కడుంది?

సుధ: ఉత్తరాన, లూజాన్ దీవిలో. కరోనా వల్ల 2020 మార్చిలో ఆటలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత, 2021 మార్చిలో, ఆటగాళ్లందరినీ ఒకచోట ఉంచి సీజన్ ముగించారు.

నరసింహం: అంటే దక్షిణాన ఉన్న ప్రావిన్స్ తన మొట్టమొదటి కప్పుని ఉత్తరాన ఎక్కడో, ప్రేక్షకుడనేవాడు లేని హాల్లో గెలిచింది. పోనీ, కరోనా ఎవరి చేతుల్లోనూ లేదు. మామూలు రోజుల్లో మాత్రం సొంత ఆటలు ఎక్కడ ఆడారు? నువ్వే చెప్పావు ఒకసారి, ఎక్కువగా దవావో నగరంలోనే అని. ఆ నగరం ఆ ప్రావిన్స్‌లో లేదు కదా. మలీటాలో కొబ్బరి దింపుకు బతికేవాడు తన ఊరి జట్టు ఆట చూడాలంటే పని మానుకుని బస్సెక్కాలి. అలాంటప్పుడు అది వాడి జట్టెలా అవుతుంది?

సుధ: అంత పెద్ద హాలు, టీవీ లైట్లు, స్కోరుబోర్డు ఉన్నది నగరంలోనే మామయ్యా. హాలు కట్టేదాకా జట్టే వద్దనుకుంటే ఎప్పటికీ జట్టుండదు.

నరసింహం: సరే. డబ్బు ఎవరిది?

సుధ: కోకోలైఫ్ అనే బీమా సంస్థ స్పాన్సరు. వెనకుండి నడిపించింది ప్రావిన్స్‌ని ఏలే రాజకీయ కుటుంబం.

నరసింహం: అదీ! నా అభ్యంతరం మొదలయ్యేది అక్కడే. గవర్నరు కుటుంబం జట్టు పెడుతుంది, మేయరు జట్టు పెడతాడు, సెనేటరు లీగే పెడతాడు. పకియావో లీగ్ పెట్టిన నాటికి సెనేటరే కదా, 2022లో దేశాధ్యక్ష పదవికే పోటీ చేశాడు. అక్కడ గవర్నరైనా మేయరైనా మూడేళ్లకోసారి ఎన్నికకి నిలబడాలి, వరసగా మూడుసార్లకి మించి ఉండకూడదు. ఆ లెక్కన జట్టు ఆయుష్షు కూడా ఎన్నికకీ ఎన్నికకీ మధ్యే. ఊరి పేరు జెర్సీ మీదుంది కానీ, ఆ పేరు ఎవరి ప్రచారానికి వాడుతున్నారో ఆలోచించు.

సుధ: కోకోలైఫ్ సంగతి కాస్త తెలుసుకుంటే అంత తేలిగ్గా అనవు. ఆ సంస్థ పూర్తి పేరులోనే కొబ్బరి రైతులున్నారు. నాటి అధ్యక్షుడు మార్కోస్ కాలంలో, 1973 నుంచి దాదాపు పదేళ్లు, కొబ్బరి రైతు అమ్మిన ప్రతి సరుకు మీదా సెస్సు వసూలు చేశారు. ఆ డబ్బుతో బ్యాంకు కొన్నారు, బీమా సంస్థ పెట్టారు, బీరు కంపెనీలో వాటాలు కొన్నారు. అదంతా ఎవరి సొమ్మన్న వ్యాజ్యం దశాబ్దాల పాటు నడిచింది. బీరు కంపెనీలోని ఓ పెద్ద వాటా రైతుల కోసం ప్రభుత్వానికే చెందాలని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ డబ్బు రైతులకు ఎలా చేరాలో చెప్పే చట్టం 2021లో గానీ రాలేదు. సెస్సు కట్టిన చేతులు ముసలివైపోయాయి, కొందరు పోయారు కూడా. ఇది కోనసీమ రైతుకు చెప్పి చూడు, వివరించి చెప్పక్కర్లేదు. అలాంటి సెస్సుతో ముడిపడిన సంస్థ ఓ కొబ్బరి ప్రావిన్స్ జట్టుకి డబ్బు పెడితే, అది ఏ కుటుంబమో వేసిన భిక్ష ఎలా అవుతుంది? అక్కడివాళ్ల సొమ్ములో ఓ రవ్వ అక్కడివాళ్లకే తిరిగొచ్చింది.

నరసింహం: తిరిగి రావాల్సింది రైతు చేతికి. పదిమంది ఆటగాళ్ల జీతాలుగా కాదు.

సుధ: అదీ రావాలి, ఇదీ రావాలి.

నరసింహం: నీకు కోపమొచ్చినట్టుంది. సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. ఈ ప్రయోగం వీళ్లు మొదలెట్టింది కూడా కాదు. 1998లో మెట్రోపాలిటన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ వచ్చింది. అదీ ఊళ్ల జట్లదే. ఓ పెద్ద టీవీ సంస్థ అండగా ఉంది. మీ ఊళ్లో ఓ ఆట, మా ఊళ్లో ఓ ఆట అన్న పద్ధతి. ఏడు వేలకు పైగా దీవులున్న దేశంలో ప్రతి ఆటకీ జట్టునంతా విమానం ఎక్కించాలి, హోటల్లో దింపాలి, టీవీ సామాను మోయించాలి. నాలుగేళ్లు మోశారు. 2002లో నెగ్రోస్ స్లాషర్స్ కప్పు గెలిచింది, ఆ గెలుపుతోనే లీగ్ ఆగిపోయింది. మరుసటేడు కప్పు నిలబెట్టుకుందామన్నా ఆడటానికి లీగే లేదు. ఆ కుర్రాళ్ల సంగతి తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

సుధ: ఆ దెబ్బ చూసే కొత్త లీగ్ వేరే దారి పట్టింది. ఇప్పుడు ఒక రోజు ఒకే హాల్లో వరసగా మూడు ఆటలు పెడతారు. ఆతిథ్యం ఇచ్చే జట్టు ఆట చివర ఉంటుంది, జనం దానికోసం ఆగుతారు. మిగిలిన ఐదు జట్లూ అక్కడికే వస్తాయి. కెమెరాలు ఒక్కసారే కదులుతాయి, రిఫరీలు ఒక్కచోటికే వస్తారు. 2023లో 29 జట్లు ఆడాయి, ప్రతి జట్టూ మిగతా 28 జట్లతో ఒక్కోసారి తలపడింది. పాత లీగ్ నాలుగేళ్లలో మూతపడింది. ఇది కరోనాని కూడా దాటి నిలబడింది.

నరసింహం: నిలబడటానికి ఇచ్చుకున్న మూల్యం చూడు. ఇరవై ఎనిమిది ఆటల్లో సొంత ఊళ్లో ఆడేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మిగతావన్నీ పరాయి ఊళ్లలో, ఒక్కోసారి రెండు జట్లకీ ఏ సంబంధమూ లేని హాల్లో, మూడో ఊరి జనం ముందు. ఖర్చు తగ్గించే క్రమంలో తగ్గిపోయింది ఊరే.

ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాల్సింది ఒకటుంది. మామయ్య మాట లెక్క ప్రకారం నిజమే. కానీ ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ ఊరికి కొత్తగా తేవాల్సింది కాదు. బరంగాయ్ అంటే అక్కడ పంచాయతీ లాంటిది. ఏ బరంగాయ్‌లో చూసినా ఓ కోర్టు ఉంటుంది. స్తోమతుంటే పైన రేకుల కప్పు కూడా. ఆ కప్పు కిందే టీకాలు వేస్తారు, తుఫానొస్తే జనాన్ని అక్కడికే చేరుస్తారు, కోతల కాలంలో కోర్టు నేల మీద వడ్లు ఎండబోస్తారు. కప్పులేని చోట కొబ్బరిచెట్టుకి రింగు బిగించి, కాళ్లకి రబ్బరు చెప్పులతోనే ఆడతారు. ఊరి పండగొస్తే టోర్నమెంటు ఖాయం. జట్టు సొంత ఊళ్లో ఎన్నిసార్లు ఆడిందన్నది ఒక లెక్క. ఆ ఊరు రోజూ ఏం ఆడుతోందన్నది ఇంకో లెక్క. రెండూ చూడాలి.

సుధ: ఆ కోర్టుల్లో ఆడే కుర్రాడికి ఇంతకుముందు ఒకటే దారి మామయ్యా. మనీలాలో ఏదైనా యూనివర్సిటీ కోచ్ కంట్లో పడాలి. పడకపోతే పండగ టోర్నమెంట్లలో ఆటకి ఇంతని తీసుకుని, ఇవాళ ఈ ఊరి జెర్సీ, రేపు ఆ ఊరి జెర్సీ వేసుకుని ఆడటమే. ఈ లీగ్ వచ్చాక మధ్యలో ఇంకో మెట్టు ఏర్పడింది. ప్రతి జట్టులో సొంత ప్రాంతం కుర్రాళ్లు కొందరుండాలని నియమం కూడా ఉంది.

నరసింహం: ఆ నియమం కాగితం మీద ఎలా ఉంటుందో, బెంచీ మీద ఎలా ఉంటుందో నాకు తెలుసు. మండలానికొకడు ఉండాలంటే, పెట్టుకుని సీజనంతా మంచినీళ్లు అందించిన కుర్రాళ్లని నేను చూశాను. జట్టు ఫొటోలో ఉంటాడు, స్కోరు షీటులో ఉండడు. ఫలానావాడు జట్టులో ఉన్నాడా అని అడక్కు. ఎన్ని నిమిషాలు ఆడాడో అడుగు. ఆఖరి క్వార్టర్లో, రెండు పాయింట్ల తేడాలో, కోర్టు మీద ఉన్నాడా అని అడుగు.

సుధ: అలా ఆడినవాడి పేరు చెబుతాను. జస్టిన్ బాల్తజార్, పంపంగాలోని మబలాకట్ కుర్రాడు. మనీలాలో ద లా సాల్ యూనివర్సిటీకి ఆడాడు, జపాన్ వెళ్లి హిరోషిమా జట్టుకి ఆడాడు. ఆ తర్వాత నేరుగా పి.బి.ఎ.కి వెళ్లలేదు, సొంత ప్రావిన్స్ జట్టు పంపంగా జెయింట్ ల్యాంటర్న్స్‌కి వచ్చాడు. శాన్ ఫెర్నాండోలో డిసెంబరులో వేల బల్బులతో వెలిగించే భారీ లాంతర్ల పండగ జరుగుతుంది. జట్టు పేరు అందులోంచి తీసుకున్నదే. 2023లో బకోర్ మీద, 2024లో క్వెజాన్ మీద గెలిచి వరసగా రెండు కప్పులు తెచ్చారు. ఆ జట్టు ఆటంతా బాల్తజార్ చుట్టూనే నడిచింది. బెంచీ మీద కూర్చున్నవాడు కాదు మామయ్యా.

నరసింహం: తర్వాత?

సుధ: 2024 పి.బి.ఎ. డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు అతన్నే ఎంచుకున్నారు. ఎంచుకున్నది ఇంటర్నెట్ కంపెనీ జట్టు, కన్వర్జ్.

నరసింహం: అంటే పండింది పంపంగాలో, కోసుకున్నది మనీలా.

సుధ: నువ్వు తయారుచేసిన పిల్లల్లో మంచివాళ్లని రైల్వేస్ తీసుకుంటే సంతోషించావా, ఏడ్చావా?

నరసింహం: సంతోషించాను. ఉద్యోగమొచ్చింది, ఇల్లు నిలబడింది. నా జట్టు మాత్రం బలహీనపడింది. రెండూ నిజాలే. ఎవరైనా నా కాలేజీకి ఓ బంతి పంపారా అంటే, పంపలేదు. పంపంగాకీ అంతే కదా. కుర్రాణ్ని తీసుకెళ్లినందుకు ఆ ప్రావిన్స్ కోర్టులకి, కోచ్‌లకి ఏమైనా తిరిగి రావాలా వద్దా? అది అడగరేం?

సుధ: అడగాలి. అందులో నీతో వాదం లేదు.

నరసింహం: అయితే సికిహోర్ సంగతి కూడా మాట్లాడుకుందాం. ఇంతసేపూ నువ్వు ఎత్తలేదు.

సుధ: అది ఈ లీగ్ కాదు.

నరసింహం: లీగ్ వేరు, జబ్బు అదే. 2021 ఏప్రిల్ 14. సెబూ దీవిలో అల్కాంటరా అనే ఊరు. విస్మిన్ సూపర్ కప్, ప్రొఫెషనల్ లీగే. లాపులాపు జట్టుకీ సికిహోర్ జట్టుకీ ఆట. ఫ్రీ త్రోలు రింగుకి దూరంగా పోతున్నాయి, ఎవరూ అడ్డు లేకపోయినా బుట్టలో పడవు. చూసినవాళ్లకి ఇది ఆట కాదని తెలిసిపోయింది. సగంలోనే ఆపేశారు. సికిహోర్ జట్టుని లీగ్ నుంచి వెళ్లగొట్టారు. సికిహోర్ చిన్న దీవి ప్రావిన్స్. అక్కడి జనం ఏ పాపమూ ఎరగరు. కానీ ఆ వీడియో దేశమంతా తిరిగినప్పుడు తిరిగింది వాళ్ల ఊరి పేరే. కంపెనీ పేరైతే మర్నాడు మార్చేసుకుంటుంది. దీవి తన పేరు మార్చుకోగలదా? ఊరి పేరు అద్దెకిచ్చే ముందు ఊరిని అడగాలంటాను నేను.

సుధ: ఆ రోజు నా క్లాస్‌మేట్ ఒకడు ఆ వీడియో చూసి అన్నం మానేశాడు. సికిహోర్ వాడు కూడా కాదు, పక్కనున్న నెగ్రోస్ వాడు. ఊరికే పేరు అతికించినందుకైతే అంత బాధ ఉండదు మామయ్యా. తమదనుకున్నారు కాబట్టే సిగ్గుపడ్డారు. ఇంకో సంగతి. ప్రొఫెషనల్ అన్నాక పెత్తనం గేమ్స్ అండ్ అమ్యూజ్‌మెంట్స్ బోర్డుది. లైసెన్సులిచ్చేదీ, తీసేదీ వాళ్లే. మహర్లికా లీగ్ కూడా 2021లోనే ఆ బోర్డు కిందికి వచ్చింది. ఇప్పుడు ప్రతి ఆటగాడికీ వైద్య పరీక్ష, మత్తుమందుల పరీక్ష అయ్యాకే లైసెన్సు. డాక్టరుగా ఆ ఒక్క మార్పు చాలు నాకు. ప్రావిన్స్ హాల్లో ఆడే కుర్రాడి గుండెకి కూడా ఎవరో ఒకరు స్టెతస్కోప్ పెట్టారు.

నరసింహం: అది మంచి పనే. కాదనను. మన దగ్గర ఏం జరిగిందో తెలుసుగా? 2015లో యు.బి.ఎ. అని ప్రొఫెషనల్ లీగ్ పెట్టారు. హైదరాబాద్ స్కై అని మన జట్టు. హైదరాబాద్‌లో వందమందిని ఆపి అడుగు, విన్నామన్నవాళ్లు ఎంతమంది తేలతారో. 2017 తర్వాత లీగే లేదు. ఊరి పేరు పెట్టారు, ఊరికి సంగతి చెప్పలేదు. అందుకే నాకు ఊరి పేరున్న జెర్సీ చూడగానే అనుమానం.

సుధ: మరి బసిలన్ సంగతేమంటావ్? ఎన్నో ఏళ్లుగా ఆ దీవి పేరు పేపర్లో వచ్చిందంటే అబూ సయ్యాఫ్ ముఠా అపహరణలకో, తలలు నరికిన వార్తలకో. 2021 డిసెంబరులో బసిలన్ పీస్ రైడర్స్ ఈ లీగ్ ఇన్విటేషనల్ టోర్నమెంట్ గెలిచింది, ఫైనల్లో న్యూవా ఎసీహా మీద. న్యూవా ఎసీహా అంటే దేశానికి ధాన్యాగారం, దాని జట్టూ అంత బలమైనదే. మరుసటేడు ఆ జట్టు లీగ్ దశలో 21 ఆటలూ ఒక్కటీ ఓడకుండా గెలిచి ఛాంపియనయింది. దాన్ని ఓడించింది బసిలన్. ఆ వారం పేపర్లో బసిలన్ పేరు క్రీడల పేజీలో వచ్చింది. జంబోవాంగాలో నాతో పనిచేసిన నర్సు బసిలన్ అమ్మాయి. ఊరు ఏదంటే బసిలన్ అనకుండా, ఇసబెలా అని సగమే చెప్పి ఊరుకునేది. ఆ వారం మొత్తం పేరు చెప్పింది.

నరసింహం: జట్టులో ఆ దీవి కుర్రాళ్లు ఎంతమంది?

సుధ: అందరూ కాదు.

నరసింహం: నాకూ ఆ అమ్మాయి ఆనందం అర్థమవుతోంది. కాదన్న మాట కాదు. నా భయం వేరు. ఆ పేరు పెట్టే హక్కు ఒకడి చేతిలో ఉంటే, తీసేసే హక్కూ వాడి చేతిలోనే. వచ్చే సీజన్‌కి వాడికి డబ్బు లేదనో, ఎన్నికలో ఓడాననో అంటే ఆ అమ్మాయి మళ్లీ సగం పేరే చెప్పాలి. నువ్వు బరంగాయ్ కోర్టు గురించి ఓసారి చెప్పావు గుర్తుందా, బోర్డు మీద మేయరు పేరు రాసుంటుందని?

సుధ: రాసుంటుంది. రింగు వెనక బోర్డు మీద, స్తంభాల మీద, రేకుల మీద కూడా.

నరసింహం: ఆ మేయరు ఓడిపోతే?

సుధ: కొత్తాయన పేరు రాస్తారు.

నరసింహం: కోర్టు?

సుధ: కోర్టు అక్కడే ఉంటుంది.

నరసింహం: ఉంటుంది కదా. ఎందుకుంటుంది? అది బరంగాయ్ ఆస్తి కాబట్టి. లెక్కల పుస్తకంలో ఉంది, నేలకి సర్వే నంబరుంది, పీకేయడానికి ఎవడి అబ్బ సొత్తూ కాదు. జట్టుని కూడా అలా రాయించమను. ప్రావిన్స్ పేరుతో ఓ సంఘం, టికెట్ కొన్నవాడికి అందులో ఓటు, ఏటా ఖర్చులు అచ్చేసి గోడకి అంటించడం. గవర్నరు డబ్బివ్వొచ్చు, బీమా కంపెనీ ఇవ్వొచ్చు, నాకు అభ్యంతరం లేదు. లీగ్‌లో ఆడే హక్కు మాత్రం ఆ సంఘం పేరు మీద ఉండాలి. ఓడిపోయిన గవర్నరు తన డబ్బు పట్టుకుపోతాడు, జట్టు ఉంటుంది.

సుధ: సంఘానికి డబ్బు చాలకపోతే? ఆడటం మానేస్తారా?

నరసింహం: చిన్న డివిజన్‌లో ఆడతారు. విమానం బదులు పడవ ఎక్కుతారు.

సుధ: అలా అయితే దవావో ఆక్సిడెంటల్ 2021లో ఫైనల్ దాకా వచ్చేది కాదు. నీ సంఘం కట్టడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఇవాళ పద్దెనిమిదేళ్లున్నవాడి ఆట అయిపోతుంది. వాడికి ఇప్పుడు ఆడటానికి జట్టు కావాలి మామయ్యా, ఎవరు పెట్టినా సరే. ఆ కుటుంబమే పెట్టనీ. ఆడుతూ ఉండగానే సంఘం కడదాం.

నరసింహం: ఆడుతూ ఉంటే కట్టరు. కప్పు వచ్చాక ఎవరూ లెక్కలు అడగరు.

సుధ: కప్పు వచ్చిన రోజే అడగాలి. పంపంగాకి రెండు వచ్చాయి. అక్కడివాళ్లు అడగొచ్చు కదా.

నరసింహం: అడుగుతారంటావా?

సుధ: కొందరు అడుగుతారు. నాతో చదివినవాళ్లలో శాన్ ఫెర్నాండో వాడున్నాడు. రాత్రికి ఫోన్ చేస్తా, నువ్వే మాట్లాడు. నీ సంఘం సంగతి, ఓటు సంగతి, ఆఖరి క్వార్టర్ నిమిషాల సంగతి, అన్నీ అడుగు. తగలాగ్‌లో ఎలా అంటారో కూడా నేర్పుతాను.

నరసింహం: ఇంగ్లీషులో అడుగుతాలే. ముందు ఆ కుర్రాణ్ని, వాళ్ల జట్టులో ఎవరెవరు కోర్టు మీద ఎన్ని నిమిషాలు ఆడారో ఆ షీటు పంపమను. చూశాక మాట్లాడతాను.